కుడిచేతి గూడు

ఇంటింటికీ నాడిపెట్టెలు వచ్చి చాలా ఏళ్లయింది. ఆడవాళ్లు ఎడమచెయ్యి, మగవాళ్లు కుడిచెయ్యి గూట్లో పెడితే చాలు, పెట్టె నాడి చూసి, పిల్లలు పుట్టడానికి మందు కలిపి ఇస్తుంది.

బొబ్బిలిలో పైడిరాజు ఇంట్లో ఎడమగూడు అంచు అతని భార్య నూకరత్నం చేతి రాపిడికి నున్నబడిపోయింది. కుడిగూటి మీద కొన్ననాటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. "నాకేటి తక్కువ? నువ్వే సూపించుకో" అనేవాడు పైడిరాజు. పదహారేళ్లు ఆవిడే కషాయాలు తాగింది.

ఇవాళ పెట్టె వాపసు ఇచ్చేస్తున్నారు. రెండు చేతులూ చూడందే మూతపడనని అది మొరాయించింది. పైడిరాజు విసుక్కుంటూ పొర పీకి చెయ్యి పెట్టాడు.

"లోపం నీలోనే ఉంది నాయనా," అంది పెట్టె, ముసలి వైద్యుడి గొంతుతో. "పెద్దదేం కాదు. ఆర్నెల్లు లేహ్యం తిని పథ్యం చేస్తే సరిపోతుంది. ఇంతకీ మీ ఇంటావిడ వయసెంత?"

పైడిరాజు గూట్లోంచి చెయ్యి లాక్కున్నాడు. ఆవిడ ముక్కు మూసుకుని తాగిన గ్లాసులన్నీ కళ్లముందు కదిలాయి.

వంటింట్లో కషాయం గిన్నె తోముతున్న నూకరత్నం ఇటు తిరగకుండానే అంది.

"యాభై ఒకటని సెప్పండి."