పెద్దసారు క్లాసు

స్ట్రెచర్ చక్రం మళ్ళీ ఇరుక్కుంది.

డాక్టర్ స్రవ్య దాన్ని కాలితో ఒక్క తన్ను తన్నింది. చక్రం కదల్లేదు గానీ ఆమె బొటనవేలు చుర్రుమంది.

"ఎంబీబీఎస్ చదివింది ఇందుకేనా నందన్నా?" అంది, అటు కొసన పట్టుకున్న సీనియర్‌తో.

ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీలో చేరి ఇరవై రోజులైంది. స్ట్రెచర్లు తొయ్యడం, రక్తం సీసాలు మొయ్యడం, పేషంట్ల చుట్టాల చేత తిట్లు తినడం. నేర్చుకున్నది మాత్రం సున్నా.

ఇల్లు మొఘల్‌పురాలో, దగ్గరే కదా అని తీసుకున్న సీటు కాదిది. ఈ పాతబస్తీ ఆసుపత్రిలో చదివినవాళ్ళని ఎవరిని అడిగినా "కళ్ళు మూసుకుని చేరిపో" అన్నారు. ఎందుకంటే మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

సీటు వదులుకోవడానికి ఇవాళ సాయంత్రం నాలుగింటి వరకే గడువు. అది దాటితే మూడేళ్ళూ ఇక్కడే పడి ఉండాలి. రాజీనామా కాగితం కోటు జేబులో సిద్ధంగా ఉంది.

"ఆఖరుసారి అడుగుతున్నన్నా. నువ్వెందుకు తీసుకున్నవ్ ఈ సీటు?"

"పన్నెండింటికి పెద్దసారు క్లాసుంది. అది విను. తర్వాత ఉంటవో పోతవో నీ ఇష్టం."

"ఎవరా పెద్దసారు? బోర్డు మీద గసోంటి పేరే లేదు."

"బోర్డు మీద ఉండడు. ఏడాదికొక్కసారి, కొత్త బ్యాచ్ కోసమే వస్తడు. జర ఓపిక పట్టు" అంటూనే నందు తలకు దెబ్బ తగిలిన పేషంట్‌ను స్కానింగ్‌కు తోసుకుపోయాడు.

రిటైరైన ప్రొఫెసర్ ఎవరో అయి ఉంటాడనుకుంది స్రవ్య. సరే, ఆ ముచ్చటా తీరిపోనీ.

పదకొండున్నరకు ఒక ముసలాయన వచ్చి నాలుగో బెడ్ మీద కూర్చున్నాడు. ముతక ధోవతి, తెల్లచొక్కా.

"ఏమైంది బాపూ?"

"ఏం కాలే బిడ్డా. గుండె పరీక్ష చేసి చూడు."

"నొప్పా?"

"లేదు."

"ఆయాసమా?"

"అదీ లేదు."

"మరి ఎందుకొచ్చినవ్?"

"చూస్తే నీకే ఎర్కైతది."

అవతల ఇరవై మంది మూలుగుతుంటే ఈయన పొడుపుకథలు వేస్తున్నాడు. అయినా వయసు చూసి ఈసీజీ తీయించింది.

కాగితం చూడగానే స్రవ్యకు ఒళ్ళు మండింది. మొదటి వరుసలో పైకి లేవాల్సిన గీతలన్నీ తలకిందులుగా ఉన్నాయి. కుడిచేతి వైరు ఎడమచేతికి తగిలిస్తే సరిగ్గా ఇలాగే వస్తుంది.

"అమలా, వైర్లు అటిటు పెట్టినవ్. మళ్ళీ తియ్యి."

అమల టెక్నీషియన్. ఎవరో సెలవు పెడితే ఇవాళే బదులుగా వచ్చింది.

"సరిగ్గనే పెట్టిన మేడం" అంటూ మళ్ళీ తీసింది.

మళ్ళీ అవే గీతలు.

"చేసే పని మీద ధ్యాస ఉండాలె. నీకు ఎవరిచ్చిన్రు ఈ ఉద్యోగం?"

అమల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ పిల్లను అనకు బిడ్డా, ఆమె తప్పేం లేదు" అన్నాడు ముసలాయన. "జర ఇంకో దిక్కు పెట్టి చూడు."

స్రవ్య గిర్రున తిరిగింది.

"డాక్టర్ నువ్వా, నేనా?"

"నువ్వే బిడ్డా. అందుకే నీకు చెప్తున్న."

"నొప్పి లేదు, రోగం లేదు. ఇది ఎమర్జెన్సీ. పోయి ఓపీల లైన్ కట్టు. ఉత్తగ మా టైమ్ ఖరాబ్ చెయ్యకు."

ఆయన బెడ్ దిగాడు.

"మంచిది బిడ్డా. నాకూ బర్లకు గడ్డేసే యాళ్లయితంది" అని, గుండీలు పెట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

పన్నెండయింది. క్లాసు గదిలో ఎనిమిది మంది కొత్త డాక్టర్లు కూర్చున్నారు. పన్నెండున్నరయింది. విభాగం హెడ్ విమలాదేవి మేడం లోపలికి వచ్చారు.

"ఆయన రాలేదు. ఫోన్ కూడా ఎత్తట్లేదు. పన్నెండేళ్ళలో ఎప్పుడూ ఇట్లా జరగలేదు" అన్నారు. "ఇవాళ క్లాస్ లేదు, వెళ్ళండి."

ఉన్న ఒక్క క్లాసూ హుష్‌కాకి. స్రవ్య తిన్నగా ఆఫీసుకు నడిచింది. గుమాస్తా కాగితం మీద ముద్ర కొట్టి నకలు చేతికిచ్చాడు. హాయిగా ఉంటుందనుకుంది. కోపం ఇంకా పెరిగిందంతే.

గేటు దగ్గర నందు ఎదురొచ్చాడు.

"పోతున్నన్నా. కాగితం ఇచ్చేసిన" అంది. "రాని సారు కోసమా మీరంతా ఇక్కడ చేరింది?"

"వచ్చిండు" అన్నాడు నందు. "వాచ్‌మన్ చూసిండట. పదకొండున్నరకు లోపలికి పోయి, జరసేపటికే తిరిగి పోయిండట. ధూల్‌పేట్ ఆగయ్య. బర్లు సాక్కుంటడు. ఎప్పుడొచ్చినా నాలుగో బెడ్ మీదనే కూర్చుంటడు. ఆడ డ్యూటీ ఎవరిది?"



"నాదే. కానీ అన్నా, వైర్లు తప్పు పెట్టిన్రు. ఈసీజీ మొత్తం ఉల్టా వచ్చింది."

"వైర్లు తప్పని నేనూ అన్న. ప్రతి బ్యాచ్ అంటది. ఇంకో దిక్కు పెట్టి చూడమని ఆయన అనలేదా?"

"అన్నడు."

"స్టెతస్కోప్ పెట్టి విన్నవా?"

ఆ ముసలాయన్ను స్రవ్య చేత్తో కూడా ముట్టుకోలేదు.

"ముందే ఒక్క మాట ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే ఇంక పాఠమేడుంటది?"

నందు ఆమె చేతిలోని నకలు తీసుకుని, ముద్ర చూసి, మడిచి తిరిగి ఇచ్చాడు.

"ఆయన గుండె పుట్టుకతోనే కుడిదిక్కు ఉంది స్రవ్యా. అది మేమే కనిపెట్టేదాక కదలకుంట ఆ మంచం మీద పండుకున్న పెద్దసారు కోసమే మా వెనక బ్యాచ్‌లకు ఈ సీటు తీసుకోమని చెప్తం."