నాలుగో బటన్

"ఇందులో నేను కనబడతానా నాయనా?"

నిచ్చెన మీదున్న కెమెరా మెకానిక్ కిందికి చూశాడు. ఎర్ర శాలువా కప్పుకున్న పెద్దావిడ తల పైకెత్తి నిలబడి ఉంది.

అతను నోరు తెరిచేలోపే చర్చి సెక్రటరీ అందుకున్నాడు.

"కనబడటానికి ఇదేమన్నా పెళ్లి వీడియోనా అమ్మా? ఆరాధన అయిపోయిందిగా, ఇంటికెళ్లండి."

ఆమె ఇంటికెళ్లలేదు. మూడో వరుసలో, కిటికీ పక్కన తన చోట్లో కూర్చుంది.

ఏడాదిగా ప్రతి ఆదివారం అక్కడే. ఎక్కడినుంచి వస్తుందో, ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు. తెలుసుకునే తీరిక కూడా ఎవరికీ లేదు. అందరూ కిటికీ అమ్మ అనేవాళ్లు. మండే ఎండల్లోనూ ఆ శాలువా తీయదు. ఎందుకని అడిగితే "ఎరుపు దూరానికి కూడా ఆనుతుంది" అంటుంది. దానికి నవ్వుకోని వాళ్లు లేరు.

పక్క గోడకున్న పాత కెమెరా కొన ఊపిరితో ఉంది. దాంట్లో పాస్టరు గారు ఒక మూల, బెంచీలు ఒక మూల, నడుమ ఫ్యాను రెక్కలు. ఆన్‌లైన్‌లో చూసేవాళ్లు విసుక్కుంటున్నారు. అందుకే షాపువాళ్లు రెండు కొత్త కెమెరాలు పంపి, నచ్చింది ఉంచుకోమన్నారు.

"ఇది కదలదండీ," మెకానిక్ మొదటిది చూపించాడు. "హాలంతా ఒకేసారి పడుతుంది. కాకపోతే పాస్టరు గారు చిన్నగా ఉంటారు."

"రెండోది?"

"తిరుగుతుంది, జూమ్ అవుతుంది. నెట్ వైరు ఒక్కటి చాలు, కరెంటు కూడా దాన్లోంచే. రిమోట్‌లో ఏ బటన్ నొక్కితే ఎటు చూడాలో ముందే నేర్పి పెట్టొచ్చు."

ల్యాప్‌టాప్‌లో పాస్టరు గారి మొహం నిండుగా వచ్చింది. నుదుటి మీద చెమట చుక్కలు కూడా తెలుస్తున్నాయి. సెక్రటరీ మొహం చాటంత అయింది.

"ఇదే ఖాయం. ఒకటో బటన్ పాస్టరు గారు. రెండు పాటల బృందం. మూడు సిలువ."

"నాలుగోది ఖాళీ ఉందండీ. జనం వైపు పెట్టనా?"

"వీళ్ల ఆవలింతలు లోకమంతా చూడాలా? వద్దు."

కిటికీ దగ్గర్నుంచి ఆమె లేచి వచ్చింది.

"ఒక్క నిమిషం చాలు నాయనా. మొదట్లోనో, చివర్లోనో. ఆ మూలకి ఒక్కసారి తిప్పు."

"ఎందుకమ్మా?" సెక్రటరీ అడ్డొచ్చాడు.

"ఒకడు చూస్తాడు."

"ఎవరు, మీ అబ్బాయా?"



"నావాడే అనుకో."

"అయితే వెళ్లి చూసి రండి. మధ్యలో మా కెమెరా ఎందుకు?"

"వెళ్లలేను. వాడి మొహం చూసి తట్టుకోలేను. వాడు నన్ను చూస్తే చాలు."

సెక్రటరీ మెకానిక్ వైపు తిరిగి, కణత దగ్గర వేలు తిప్పి చూపించాడు. నాలుగో బటన్ ఖాళీగానే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం ఆమె మొదటి వరుసలో కూర్చుంది. అది పెద్దల వరుస అని లేపేశారు.

ఆపై ఆదివారం పాటల బృందం వెనక నిలబడింది. ఆరాధన మొదలవకముందే సెక్రటరీ ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు.

మూడో ఆదివారం ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. శాలువా సర్దుకుని కెమెరా వైపే చూస్తూ కూర్చుంది. అది ఒక్కసారి కూడా ఆమె వైపు తిరగలేదు.

బొమ్మ అద్దంలా ఉందని ఎక్కడెక్కడి నుంచో మెసేజీలు వచ్చాయి. సెక్రటరీ అవి పదిమందికీ చదివి వినిపించాడు.

నాలుగో ఆదివారం, ఆరాధన ఇంకా మొదలవలేదు. జైలు అధికారి ఒకాయన టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు.

"ఎర్ర శాలువా కప్పుకునే ఒకావిడ ఉండాలి. ఇంకా వస్తున్నారా?"

"కిటికీ అమ్మా?" సెక్రటరీ కంగారుపడ్డాడు. "ఏం చేసింది సార్?"

"ఆమె ఏం చేయలేదు. మీ ఆరాధన ప్రతివారం మా జైలు హాల్లో పెడతాం. ఒక ఖైదీ అందరికంటే ముందొచ్చి టీవీ దగ్గర కూర్చునేవాడు. పాటలూ ప్రసంగాలూ వాడికి పట్టేవి కావు. ఆ మూల శాలువా కనబడితే చాలు, ఏడ్చేవాడు. ఇక వారమంతా మనిషిలా తిరిగేవాడు."

సెక్రటరీ తలెత్తి కొత్త కెమెరా వైపు చూశాడు.

"ఆవిడ జైలుకి వచ్చింది ఒకే ఒక్కసారి. 'ఆదివారం ఆదివారం నీకు కనబడతాను. కనబడినంత కాలం నీ మీద కోపం లేదనుకో' అని చెప్పి వెళ్లింది. మూడు వారాలుగా కనబడలేదు."

"అదీ... కెమెరా మార్చాం సార్."

"పోయిన ఆదివారం సాయంత్రం వాడు ప్రాణం తీసుకున్నాడు."

అధికారి జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. అందులో ఒకే ఒక్క మాట ఉంది. 'అమ్మ మనసు మార్చుకుంది.'

సెక్రటరీ రెండో చేతిలో రిమోట్ ఉంది. నాలుగో బటన్ బొటనవేలికి తగిలింది. వేలు చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకున్నాడు.

"నాయనా," కిటికీ దగ్గర్నుంచి ఆమె పిలిచింది. "ఇవాళైనా ఇటు తిప్పుతావా?"

సెక్రటరీ ఆమె వైపు చూడలేకపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కన్నకొడుకు పోయాడని ఆ తల్లికి ఏ నోటితో చెప్పను సార్?"

"కన్నకొడుకు కాదండీ," అధికారి నెమ్మదిగా అన్నాడు. "ఆమె ఒక్కగానొక్క కొడుకుని చంపి జైలుకొచ్చినవాడు."