వెనక క్యారియర్

సైకిలు మీద సరుకు మోసేవాడికి లెక్క ఒకటే. వెనక బరువుకు తగ్గ బరువు ముందూ ఉండాలి. లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం గాల్లోకి లేస్తుంది.

ఆ రాత్రి అతని వెనక క్యారియర్ ఖాళీ. చివరి పిండి బస్తా బేకరీలో దించేశాడు. ముందు క్యారియర్‌లో బరువుకని పెట్టుకున్న ఇటుకలు అలాగే ఉన్నాయి. అయినా ఇంటి దారిలో ఎత్తు ఎక్కుతుంటే ముందు చక్రం లేచింది.

"ఖర్మ!" అంటూ దిగి చూశాడు. ఏమీ లేదు. ఒక రాయి తెచ్చి ఇటుకల మీద పడేసి మళ్లీ తొక్కాడు. మళ్లీ లేచింది. ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు వెనక స్ప్రింగు కిర్రుమంది.

పొద్దుట్నుంచీ చాకిరీ చేసిన ఒళ్లు. భయపడే ఓపిక కూడా లేదు. వెనక్కి తిరక్కుండానే విసుక్కున్నాడు.

"ఎక్కి కూర్చున్నావ్, సరే. ఈ ఎత్తులోనన్నా దిగి తోసి చావొచ్చుగా!"

ముందు చక్రం మెల్లగా నేలకానింది. అతని కాళ్లు పెడళ్ల మీద బిగుసుకుపోయాయి. సైకిలు మాత్రం ఎత్తంతా ఎక్కేసింది. పైకి చేరాక స్ప్రింగు మళ్లీ కిర్రుమంది.

దొంగల భయానికి రోజూ సైకిల్ని లోపలికి తెచ్చి పిల్లల మంచం పక్కనే పెడతాడు. ఇవాళ గడప ముందే నిలబడిపోయాడు.

"పిల్లలు ఇప్పుడే పడుకున్నారు, చప్పుడు చెయ్యకు" అంటూ భార్య వచ్చి, అతను నోరు తెరిచేలోపే హ్యాండిలు పట్టుకుని లాగింది. "అబ్బ, ఖాళీ సైకిలుకి ఇంత బరువేంటి? చూస్తూ నిలబడకపోతే వెనకనుంచి కాస్త తొయ్యొచ్చుగా!"

అతను కదల్లేదు. వెనక చక్రం గడప దాటింది.