పదకొండు తప్పులు

అప్‌డేట్ అన్న మాట వింటే చాలు, హైమకి ఒళ్లు మండుతుంది.

“మనం ఊళ్లో లేనప్పుడు ఎవడో ఇంట్లో దూరి, ఉప్పుడబ్బా ఉన్నచోట కారండబ్బా పెట్టి పోయినట్టు ఉంటుంది,” అంటుంది.

లండన్ శివార్లలో, హౌన్స్‌లోలోని ఆ అద్దె ఇంటికి ఆమే కంప్యూటర్ డాక్టరు. నెట్ ఆగినా, ఫోన్ మొరాయించినా అందరూ ఆమె గది తలుపే తడతారు. ఆమె మౌస్ ముట్టుకోదు. కీబోర్డు మీద వేళ్లు వడగళ్లలా పడతాయి.

మొన్న కింది గది మణిదీప్ రూటర్‌ని తిట్టుకుంటూ వచ్చాడు.

“దాన్నెందుకు తిడతావు? మైక్రోవేవ్ పక్కన పెట్టినవాణ్ని తిట్టు,” అంది.

పెట్టింది మణిదీపే.

ఆ మధ్య ఇంటి ఓనరు వంటింట్లో కొత్త స్టవ్ పెట్టించాడు. తిప్పే నాబ్‌లు లేవు. అంతా నున్నటి గాజు. తాకితే వేడెక్కుతుంది. అందరూ మురిసిపోయారు. హైమ మాత్రం కారాలు మిరియాలు నూరింది.

“నాబ్ ఏం పాపం చేసిందిరా? పొయ్యికి కూడా టచ్ స్క్రీనేనా?”

“ఏందక్కా, నువ్వు కంప్యూటర్ల పిచ్చిదానివా, మా నాయనమ్మవా?” అని నవ్వాడు మణిదీప్.

ఆ సోమవారం మాత్రం నవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు. మణిదీప్ ఎయిర్‌పోర్టు వేర్‌హౌస్‌లో డ్యూటీకి వెళ్లాడు. పక్కగది రుచిత కాలేజీకి బయల్దేరింది.

హైమ ఎమ్మెస్సీ అయిపోయింది. వీసా ఇంకా ఏడు వారాలుంది. ఇప్పటికి అరవై రెండు దరఖాస్తులు పెట్టింది. ఇది అరవై మూడోది. బేసింగ్‌స్టోక్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. వాళ్ల కొత్త వెబ్‌సైట్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. తనకోసమే పుట్టిన ఉద్యోగం అనిపించింది. గడువు ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు.

ఆదివారమే అంతా నింపి దాచుకుంది. పొద్దున్న తెరిస్తే ఏదీ లేదు. రాత్రికి రాత్రి సైట్ అప్‌డేట్ అయింది.

మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టింది. మూడో పేజీలో బటన్లకి పేర్లు లేవు.

“బటన్ అన్నాక పేరుండాలి. బొమ్మ అతికించి వదిలేస్తే ఎలా?” అని గొణుక్కుంది. పుట్టిన తేదీ గడిలోకి వెళ్తే బయటికి రావడానికి దారి లేదు. రెండుసార్లు కంప్యూటర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

టైమెంతని ఫోన్‌ని అడిగింది. పదకొండూ ఇరవై అని చెప్పింది.

చివరి పేజీ వచ్చింది. మీరు రోబో కాదని రుజువు చేయండి. సైకిళ్లున్న గళ్లన్నీ నొక్కండి.

నొక్కింది. తప్పు. మళ్లీ నొక్కింది. తప్పు.

ఒక యంత్రం ముందు నిలబడి, నేను మనిషినే బాబూ అని సంజాయిషీ చెప్పుకోవడం కన్నా అవమానం ఇంకోటుందా? బొమ్మలకి బదులు శబ్దం పరీక్ష ఉంటే అదీ నొక్కింది. ఇయర్‌ఫోన్లో గరగర తప్ప ఒక్క మాటా తెలియలేదు. ఈలోగా సమయం మించిపోయిందని సైట్ బయటికి నెట్టేసింది.

రుచితకి ఫోన్ చేసింది. కలవలేదు. రైలు ఇంకా సొరంగంలోనే ఉండి ఉంటుంది. మణిదీప్‌కి చేసింది. డ్యూటీలో ఫోన్లు లాకర్లో పెట్టాలి. మోగి మోగి ఆగిపోయింది.

కంపెనీ హెల్ప్‌లైన్‌కి చేసింది. పదిహేను నిమిషాలు సంగీతం వినిపించాక ఒకతను పలికాడు.

“బొమ్మలే కదా మేడమ్, నొక్కితే అయిపోతుంది,” అన్నాడు.

“ఇంకో దారి లేదా?”

“అందరూ అలాగే చేస్తున్నారు మేడమ్.”

హైమ ఫోన్ పెట్టేసింది. మళ్లీ లాగిన్ అయింది. మళ్లీ సైకిళ్లు. తప్పు. తప్పు.

పన్నెండయింది. దరఖాస్తుల గడువు ముగిసింది.

గదిలో కిటికీకీ తలుపుకీ మధ్య పదిసార్లు తిరిగింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కూర్చుని కంపెనీకి మెయిల్ రాసింది. సైట్‌లో ఎక్కడెక్కడ ఏ తప్పుందో, దాన్నెలా సరిచేయాలో వరసగా. మొత్తం పదకొండు. పంపేశాక భయమేసింది, మరీ ఘాటుగా రాశానేమోనని.

బుధవారం ఫోన్ మోగింది.

“హైమగారా? పార్థసారథిని, బేసింగ్‌స్టోక్ నుంచి. సాఫ్ట్‌వేర్ టీం నాదే. పేరు చూసి తెలుగువాళ్లే అనుకున్నాను.”

“అవునండీ. కాకినాడ.”

“మీ మెయిల్ పట్టుకుని నిన్నంతా కూర్చున్నామమ్మా. పదకొండూ నిజమే. గడువు సంగతి నేను మాట్లాడతాను. ఈ పనికి మనిషి కావాలి, ఆ మనిషి మీరే అనుకుంటున్నాను.”

హైమ ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

“ఒక్కటి మాత్రం అర్థం కాలేదు,” అన్నాడాయన. “మావాళ్లు ఆరుగురు రెండు నెలలు కళ్లల్లో వత్తులేసుకుని చూశారు. ఒక్కటీ కనిపించలేదు. మీకొక్కరికే అన్నీ ఎలా కనిపించాయి?”

ఈ మాటకి జవాబు చెప్పాక ఫోన్లు ఎంత మర్యాదగా ముగుస్తాయో ఆమెకి అనుభవమే. ఏడు వారాలు గుర్తొచ్చాయి. ఏదో ఒక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“నాకూ ఏదీ కనిపించలేదండీ, కంప్యూటర్ చదువుతుంటే విన్నాను,” అంది హైమ, “పుట్టినప్పట్నుంచీ నాకు చూపు లేదు.”