ఎదురు సీటు

రైలు బేగంపేట చేరుతుండగా పెన్సిల్ మొన విరిగింది.

సృజన విసుక్కుంటూ సంచిలో షార్పనర్ వెతికింది. మొన చెక్కుకుని తలెత్తితే, ఎదురు సీట్లో ముసలావిడ ఎలా ఉందో అలాగే ఉంది. ఒళ్లో టిఫిన్ డబ్బా. దాని మీద చెయ్యి. కిటికీ వైపు తిప్పిన మొహం.

"అక్కా, బేగంపేట వచ్చింది. దిగవా?" పక్కనున్న పూలామె అడిగింది.

"పోనీ తియ్యి," అంది ముసలావిడ, తల తిప్పకుండానే.

సృజన ఇంటర్ రెండో సంవత్సరం. రోజూ పొద్దున సికింద్రాబాద్‌లో ఆడవాళ్ల పెట్టె ఎక్కి, హైటెక్ సిటీలో దిగి కాలేజీకి పోతుంది. బెంగళూరులో ఒక యూనివర్సిటీకి దరఖాస్తు పెడుతోంది. దాంతోపాటు బొమ్మలు పంపొచ్చు, పంపితే సరిగ్గా అయిదు ఉండాలి. పంపకపోయినా ఏం కాదు. పంపినవి నాసిగా ఉంటే మాత్రం ఉన్న ఆశ కూడా పోతుందని కాలేజీలో మేడమ్ హెచ్చరించింది.

మార్కులు చూస్తే అంతంత మాత్రం. గడువు ఎల్లుండి, శుక్రవారం సాయంత్రం అయిదింటికి.

రైల్లో ఎవరిని గీసినా సగంలో కదిలేవారు, ఫోన్‌లోకి వంగేవారు, దిగిపోయేవారు. నిలబెట్టుకోదగ్గవి నాలుగే వచ్చాయి. నాలుగూ ఈ ముసలావిడవే.

"మెడ ముందు గియ్యాలె బిడ్డా. మొకం దాని మీద కూసుంటది," అంది ముసలావిడ, కిటికీలోకే చూస్తూ.

సృజన ఉలిక్కిపడి పుస్తకం మూసేసింది. అంటే ఇన్నాళ్లూ చూస్తూనే ఉందన్నమాట.

హైటెక్ సిటీలో దిగింది. వెనకాలే ముసలావిడ కూడా దిగింది. నాలుగు రోజులుగా ఇదే వరస.

"ఏందమ్మా, నా ఎంబడి పడ్డవ్?"

"ఎంబడి గాదు బిడ్డా…"

"రేపటిసంది నా ముంగట కూసోకు. మల్ల కూసుంటే పోలీసోళ్లకు చెప్త."

ముసలావిడ డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"సరే తీ," అని మెట్లెక్కి అవతలి ప్లాట్‌ఫారం వైపు వెళ్లిపోయింది.

గురువారం ఎదురు సీట్లో ఎవరో కాలేజీ పిల్ల. ఫోన్ చూస్తూ ఒకటే నవ్వు, ఒకటే ఊగుడు. మూడు కాగితాలు పాడయ్యాయి.

"నాలుగే అయినయా? అయితే పంపకు," అన్నాడు ఆ సాయంత్రం తండ్రి పురుషోత్తం. రెజిమెంటల్ బజార్లో ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం. "గిరాకీ వస్తే మంచి గిన్నె చూపిస్త. అడగకున్నా సొట్టపోయిన గిన్నె తీసి చూపిస్తనా?"

"బొమ్మలు లేకుంటే నన్నెందుకు తీసుకుంటరు డాడీ?"

"ఉంటే తీసుకుంటరని గ్యారంటీ ఉన్నదా?"

లేదు. అదే భయం.

శుక్రవారం పొద్దున. ఎదురు సీట్లో వేరే ఎవరో. సృజన చూపు తలుపు దగ్గరికి పోయింది.

ముసలావిడ అక్కడ నిలబడి ఉంది. కడ్డీ పట్టుకుని, సృజనకు వీపు తిప్పి.

సృజనకు కోపం రావాల్సింది. వచ్చే లోపలే చెయ్యి పెన్సిల్ అందుకుంది.

బేగంపేటలో జనం తోసుకుంటూ దిగారు, తోసుకుంటూ ఎక్కారు. ఆమె భుజం కదల్లేదు. సృజన మెడ ముందు గీసింది. దాని కింద భుజం, వాలిన నడుము, కాళ్లు వాటంతటవే వచ్చి నిలిచాయి. బోరబండ దాటేసరికి అయిదో బొమ్మ పూర్తయింది.

హైటెక్ సిటీలో, ఆమె కంట పడకుండా, ఇంకో తలుపు నుంచి దిగిపోయింది.

సాయంత్రం నాలుగున్నర. దుకాణంలో తండ్రి అయిదో బొమ్మను చాలాసేపు చూశాడు.

"మొకమే లేదు గదనే దీంట్ల."

"పంపాల్నా, వద్దా?"

ఆయన బొమ్మను కొంచెం దూరం పెట్టి చూశాడు. "మొకం లేకున్నా మనిషి ఉన్నది. పంపు."

ఒక్కో బొమ్మా ఫోటో తీసి ఎక్కించేసరికి పావు తక్కువ అయిదు. చివర్లో ఒక ప్రశ్న వచ్చింది. 'ఈ పనిలో ఎవరి సాయమైనా ఉందా? ఉంటే వారి పేరు రాయండి.'

సృజన వేలు ఆగింది.

"ఏమయిందే? టైమ్ అయితాంది."

రైల్లో ఎవరో అన్న ఒక్క మాట సాయం ఎట్లవుతుంది? పేరైనా తెలియదాయె.

'ఎవరూ లేరు' అని రాసి నొక్కేసింది.

'మీ దరఖాస్తు అందింది. ఇక మార్పులకు వీలు లేదు.'

పురుషోత్తం ఊపిరి వదిలాడు. "పా, ఆ ఆఖరిదానికి ఫ్రేమ్ కట్టిద్దాం."

పక్క దుకాణమే రాజేందర్‌ది. బొమ్మల కాలేజీలో చదివి, చివరికి ఫ్రేములు కట్టుకుంటూ ఇక్కడే స్థిరపడ్డాడు. అద్దం కోస్తున్నవాడు ఆపి, బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎక్కడ గీసినవ్ బిడ్డా?"

"ట్రైన్ల అంకుల్. తలుపు కాడ ఎవరో ముసలామె నిలబడితే."

"ఎంతసేపు నిలబడ్డది?"

"నేను గీసుడు అయ్యేదాకా."

రాజేందర్ బొమ్మలోని కాళ్ల మీద వేలు పెట్టాడు. "ఎడమ మడమ జెర లేపి, బరువంతా కుడికాలు మీదేసి… మెడ ముందు గియ్యమన్నదా?"

"అవును. మీకెట్ల తెలుసు అంకుల్?"

"ఎవరో గాదు బిడ్డా," అన్నాడు రాజేందర్. "ఇరవై ఎనిమిదేండ్లు మా కాలేజీల గిట్లనే కదలకుండ నిలబడి, మా అందరికీ మనిషిని గీసుడు నేర్పిన కమలాబాయి."