తడి బ్రష్షు

చేతిలోని గొట్టం చూసి శివపార్వతి కెవ్వుమంది. అది పళ్ళ పేస్టు కాదు. ఎలకల మందు!

రాత్రి పకోడీ ముక్కలకి ఆ మందు పూసి బియ్యం డబ్బా వెనక పెట్టింది తనే. చేతులు కడుక్కుంటూ గొట్టాన్ని నీళ్ళగది గూట్లో పేస్టు పక్కన వదిలేసిందీ తనే. ఇప్పుడు చూస్తే పేస్టు మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎలకల మందు మూత ఊడి కింద దొర్లుతోంది. మొగుడి బ్రష్షు తడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెల్లుల్లి కంపు గుప్పుమంది. కుచ్చు మొదట్లో బూడిదరంగు ముద్ద ఇంకా కాస్త అంటుకునే ఉంది.

"రవ్వంత నోట్లోకి పోయినా మనిషి దక్కడమ్మా, జాగ్రత్త" అని కొట్టువాడు మరీ మరీ చెప్పి ఇచ్చాడు.

"ఏమండీ!" అంటూ ఇల్లంతా పరుగెత్తింది. ఆదిశేషయ్య మాస్టారు ఇంట్లో ఉంటేగా! బ్రష్షు తడిస్తేనే కాఫీ అనేది ఆ ఇంటి చట్టం. చట్టం పెట్టింది శివపార్వతి. పాపం ఆయన ఆ చట్టానికి కట్టుబడి, కాఫీ తాగి, లవంగం బుగ్గన పెట్టుకుని పెనుగొలను బడికి బయల్దేరిపోయాడు.

ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా వీధిన పడింది. బస్టాండుకి వెళ్ళేసరికి బస్సు లేదు. ఎదురుగా పీర్‌సాహెబ్ జట్కా కనపడితే అడక్కుండానే ఎక్కేసింది.

"పెనుగొలను బస్సుని పట్టుకోవాలి పీర్‌సాహెబ్! మాస్టారు ఎలకల మందుతో పళ్ళు తోముకున్నారు!"

"యా అల్లా! బళ్ళో పిల్లలందరి చేతా పళ్ళు తోమించే మనిషికా అమ్మగారూ ఈ గతి?" పీర్‌సాహెబ్ గుర్రాన్ని అదిలించాడు.

"ఆయన గబగబా తోముకునే మనిషైనా బాగుండేది. ఏడాదైనా బ్రష్షు కుచ్చు వంగదు, అంత సుతారంగా తోముకుంటారు. పంటి పంటికీ పట్టేసుంటుంది పీర్‌సాహెబ్!" అని ఆవిడ గొల్లుమంది. నా చేతులతో నేనే చంపుకున్నానని తల బాదుకుంది. దారిలో ఎవరు గుమిగూడి కనపడినా ఆయనే పడిపోయాడేమోనని జట్కాలోంచి వంగి చూసేది.

అదృష్టం బాగుండి, ఊరి చివర బంకు దగ్గర బస్సు డీజిలు పోయించుకుంటోంది. శివపార్వతి జట్కా దూకి బస్సెక్కింది. ఆదిశేషయ్య కిటికీ పక్కన కూర్చుని, పెనుగొలను రైతు జోజప్పకి పాఠం చెబుతున్నాడు.

"నిన్న మీవాణ్ణి ఇంటికి ఎందుకు పంపేశాననుకున్నావ్ జోజప్పా? పాచినోటితో బళ్ళోకొచ్చాడు. అలాంటివాణ్ణి నేను గడప తొక్కనివ్వను."

"ఏమండీ!" శివపార్వతి అరిచిన అరుపుకి బస్సంతా ఇటు తిరిగింది. "దిగండి! పొద్దున మీరు పళ్ళు తోముకున్నది పేస్టుతో కాదు, ఎలకల మందుతో!"

బస్సులో కలకలం రేగింది. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఆయన పెళ్ళాం వంక చూశాడు, జోజప్ప వంక చూశాడు. నుదుటి మీద చెమటలు పట్టాయి.

"అయ్యో, చెమటలు పట్టేస్తున్నాయి! చెప్పండి, బ్రష్షు మీద వేసుకున్నారా, లేదా?"

"వే... వేసుకున్నాను."

"కడుపులో మంటగా ఉందా?"

"ఏం లేదే. ఇంటికి పద, అక్కడ చెప్తా."

"ఇంటికెళ్ళేదాకా ఉండాలిగా మీరు! ఏదీ, నోరు తెరవండి."

ఆయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, పెదాలు బిగించి, తల అడ్డంగా ఊపాడు.

"పళ్ళు గిట్టకరిచేశాడ్రోయ్!" అన్నాడు కండక్టరు. "పట్టుకోండి, దించండి!"

నలుగురూ ఆయన్ని కాళ్ళూ చేతులూ పట్టి దించి బంకు పక్కన చెట్టు నీడన పడుకోబెట్టారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపు ప్రాణం పోతుందనీ, ముందు కక్కించాలనీ ఎవరో అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపే జోజప్ప పక్కనున్న గొడ్లచావిడి వైపు పరుగు తీశాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో చెంబు నిండా చిక్కగా కలిపిన పేడనీళ్ళున్నాయి.

చెంబు చూసి మాస్టారు లేవబోయాడు. కండక్టరు ఆయన భుజాలు నేలకి అదిమాడు.

"మనసు రాయి చేసుకోండి మాస్టారూ. మావాడికి మీరు రోజూ చెప్పే మాటే ఇవాళ నేను మీకు చెబుతున్నా. నోరు తెరవండి" అన్నాడు జోజప్ప. పాపం వాడి కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరుగుతున్నాయి.

శివపార్వతి మొగుడి కాళ్ళ మీద పడిపోయింది. "ఒక్క గుక్క తాగండీ. మీరు లేకపోతే నేను బతకలేనండీ!"

జోజప్ప ఆయన ముక్కు మూశాడు. చెంబు అంచు పెదాలకి తగిలింది. ఒక్క విదిలింపుతో మాస్టారు చెంబుని అవతలికి తోసేసి, బంకు దద్దరిల్లేలా అరిచాడు.

"ఆపండి! నేను చావను! రోజూ బ్రష్షుకి పేస్టు రాసి, కడిగి గూట్లో పెట్టేస్తానంతే. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను పళ్ళు తోముకుంటే ఒట్టు!"