ఈ ఏటి చెత్త ఆట

"చెత్తని చెత్త అనడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదమ్మా," అన్నాడు రంపం, ఫోను స్పీకర్లో పెట్టి, చొక్కా కాలరు సర్దుకుంటూ.

రంపం అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఏటా చివర్లో, వచ్చిన వీడియో గేముల్లో గొప్పదేదో, పరమ చెత్తదేదో లైవ్‌లో తేల్చేస్తాడు. గొప్పదాని సంగతి జనం వారంలో మరిచిపోతారు. చెత్తదాన్ని అతను కోసే కోత కోసమే లక్షమంది కాచుక్కూర్చుంటారు. ఆ పేరు పెట్టింది వాళ్ళే. అతను దాన్ని బిరుదులా మోస్తున్నాడు.

ఫోనులో ఉన్న అమ్మాయి ఓ చిన్న గేముల కంపెనీ నడుపుతోంది. రెండు గదుల ఆఫీసు, ఐదుగురు మనుషులు. ఇవాళ చెత్త కింద కట్టబోయేది వాళ్ళ ఆటనే అని రంపం నిన్ననే ఊరించి వదిలాడు.

"సార్, మీ నోట ఆ మాట వస్తే మాకు పెట్టుబడి పెట్టేవాళ్ళు రేపే తప్పుకుంటారు. ఆఫీసుకి తాళం వేసుకోవాల్సిందే. మా ఆటలో తప్పేంటో అదైనా చెప్పండి."

"ఇంకేంటి, మీ తోడుగాడు."

తోడుగాడంటే ఆటలో మన వెంట నడిచే బొమ్మ మనిషి. మామూలుగా వాణ్ణి మెషీనే నడుపుతుంది.

"నేను కుడికి పోతే వాడు ఎడమకి పోతాడు. నేను చస్తుంటే గోడకేసి చూస్తూ నిలబడతాడు. అంత మొద్దుని నా జన్మలో చూళ్ళేదు. ఇవాళ నేను గొప్పదని చెప్పబోయే ఆ పెద్ద కంపెనీ వాళ్ళ ఆటలో తోడుగాణ్ణి చూసి నేర్చుకోండి. బుర్రంటే వాడిదీ."



"సార్, ఆ పెద్ద కంపెనీకి తోడుగాణ్ణి తయారుచేసి ఇచ్చింది మేమే. రెండు ఆటల్లోనూ ఉన్నది ఒక్కడే. బట్టలు మార్చాం, అంతే. బుర్ర అదే."

రంపం పకపకా నవ్వాడు. "ఈ కట్టుకథ కూడా లైవ్‌లో చెబుతాను. జనం ఇంకాస్త నవ్వుకుంటారు," అని ఫోను పెట్టేశాడు.

సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చున్న భార్య ఇదంతా వింది. అది ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోటే. అతను హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెరకి ముక్కు ఆనించినంత పని చేసి ఆడుతుంటే, ఆవిడ అతని వీపు వెనకాల ఉండాలి. టీకీ, చార్జరుకీ మనిషి అందుబాటులో ఉండాలి కదా. ఆటల గురించి ఆవిడ అభిప్రాయం మాత్రం ఆ మేధావికి అక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ సరదాపడి, తోడుగాణ్ణి తను నడుపుదామని రెండో కంట్రోలర్ అందుకుంటే, "బటన్లు నొక్కడం కాదు, బుర్రుండాలి" అని చేతిలోంచి లాక్కుని అలమరాలో పడేశాడు. ఆ తర్వాత ఆవిడ అడగలేదు.

"ఏమండీ, ఆ అమ్మాయి వాళ్ళ ఆట ఇంకోసారి ఆడి చూడకూడదూ?"

"ఎందుకు?"

"మీరు అది ఆడినప్పుడు నేను అక్క పురుడికి వెళ్ళానుగా. ఈసారి నేనూ కూర్చుంటాను."

"నువ్వు కూర్చుంటే ఆ మొద్దుకి తెలివొస్తుందా?"

నిజానికి ఆ రోజుల్లో టీ తనే పెట్టుకోవలసి వచ్చింది. పాలు పొయ్యి మీద పొంగబెట్టి, ఆ మంట కూడా ఆట మీదే వెళ్ళగక్కాడు. తన చిరాకుకి తనే కారణం కావచ్చునన్న అనుమానం ఇలాంటివాళ్ళకి కలలో కూడా రాదు.

"పాపం, ఆఫీసు మూసుకోవాలంటోంది."

"మూసుకోనీ. ఓ చెత్త తగ్గుతుంది."

ఆవిడకి ఒళ్ళు మండింది. ఏదో అనబోయింది. అతను నోటి మీద వేలు పెట్టి ఉష్ అన్నాడు. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

లైవ్ మొదలైంది. ఎప్పుడూ తెరకేసి తిరిగి ఆడేవాడు ఇవాళ దానికి వీపు పెట్టి, కెమెరాకేసి, అంటే సోఫాకేసి తిరిగాడు. అతని వెనక తెర మీద ఈ ఏటి గొప్ప ఆట తెరిచి ఉంది. కోట గుమ్మం ముందు వీరుడు, వాడి పక్కన తోడుగాడు, ఇద్దరూ కదలకుండా నిలబడి ఉన్నారు.

"ఈ తోడుగాడున్నాడే, వీడు నా ప్రాణం," అన్నాడు రంపం. "నేను ఆగితే ఆగుతాడు. దెబ్బ తగిలితే అడక్కముందే మందు తెచ్చిస్తాడు. ఓసారి ఓడిపోయి, విసుగొచ్చి ఊరికే కూర్చుంటే, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నన్ను ఇంతగా అర్థం చేసుకున్నవాళ్ళు మనుషుల్లో కూడా లేరు. ఉన్నది ఒక్కటే లోపం. నాకు టీ వచ్చే వేళకి మాత్రం ఎందుకో మొద్దులా నిలబడిపోతాడు. అంత తెలివికి ఆ మాత్రం దిష్టిచుక్క ఉండాలి లెండి."

కామెంట్లు వరదలా వచ్చాయి. అందరికీ కావలసింది ఆ రెండో పేరు.

"వీడికి బుర్ర పెట్టిందెవరో గానీ, ఎదురుగా వస్తే ఆ చేతులు కళ్ళకద్దుకుంటాను. సరే, ఇక చెత్త సంగతికొద్దాం," అని రంపం అరచేతులు రుద్దుకున్నాడు.

అప్పుడు కెమెరా వెనకాల సోఫాలో ఆవిడ ఒళ్ళోంచి దుప్పటి తొలగించి, అలమరాలో పడి ఉండాల్సిన రెండో కంట్రోలర్ మీద బాగా అలవాటైన బొటనవేలు కదిపింది. రంపం వీపు వెనక, లక్షమంది చూస్తుండగా, తోడుగాడు చెయ్యెత్తి ఊపాడు.